పాలవెల్లి దించిన రాత్రి

2024 వినాయక చవితి సాయంత్రం. ఉద్వాసన చెప్పేసి, మావారు పాలవెల్లి దించి వీధి అరుగు మీద పెట్టారు. ఏటా అంతే. మొక్కజొన్న పొత్తులు, జామకాయలు, సీతాఫలాలు, వెలక్కాయ, ఓ పంపరపనస, మధ్యలో ద్రాక్ష గుత్తి. చుట్టుపక్కల పిల్లలు వచ్చి ఎవరికి కావలసింది వాళ్ళు తెంపుకుపోతారని అలా వదిలేస్తాం. నేను వంటింట్లో మిగిలిన పులిహోర గిన్నెలోకి తీస్తున్నాను. వీధిలోంచి మా అమ్మాయి కేక.

"అమ్మా, బంటిగాడు ద్రాక్షలన్నీ తినేశాడు!"

తింటే తిన్నాడులే, పళ్ళే కదా అనబోయాను. అమ్మాయి మొహం చూస్తే మాట రాలేదు. కుక్కకి ద్రాక్ష పడదని, కిడ్నీలు పోతాయని ఎక్కడో చదివిందట. చేతిలో గుత్తి కాడ పట్టుకుని నిలబడింది. కాడకి మూడే మూడు పళ్ళు మిగిలాయి. గుత్తిలో పాతిక దాకా ఉండి ఉంటాయి. బంటి మాత్రం తోక ఊపుకుంటూ ఆ మూడింటి కోసం ఎగురుతున్నాడు.

మాది అంబాజీపేట దగ్గర పల్లెటూరు. పెరడు, పెరటి వెనక కొబ్బరితోట, తోట చివర పంటకాలవ. బంటి నాటు కుక్క, కాలవ గట్టు మీద దొరికాడు, ఆ చవితి నాటికి మూడేళ్ళవాడు. మా ఇంట్లో వాడికి విడిగా తిండంటూ ఉండేది కాదు. మేం తిన్నదే వాడికీను.

అత్తయ్య వెంటనే, "చింతపండు పిసికి ఆ రసం గొంతులో పొయ్యండమ్మా, కక్కేస్తాడు" అన్నారు. ఆవిడ తప్పు కాదు. మా వైపు ఎవరైనా పొలం మందు తాగారంటే ముందు పరిగెత్తేది చింతపండు డబ్బా దగ్గరికే. పక్కింటి పిన్నిగారు ఉప్పునీళ్ళు పట్టమన్నారు. నేను చింతపండు గిన్నెలో వేసి నీళ్ళు కూడా పోశాను. ఈలోగా మావారు అమలాపురంలో మాకు తెలిసిన పశువుల డాక్టరు గారికి ఫోన్ కలిపారు. పండగ రాత్రి, ఎత్తుతారో లేదో అనుకున్నాం. ఎత్తారు.

"ఎంతసేపైందండి?" అని అడిగారు ముందు. పావుగంట అన్నాం. "ఇంట్లో ఏమీ పోయకండి. ఉప్పునీళ్ళు వద్దు, చింతపండు అసలే వద్దు. వాడు హుషారుగా ఉన్నాడని ఆగొద్దు. తిని రెండు గంటలు దాటకుండా నా దగ్గర ఉండాలి. నేను క్లినిక్ తీస్తాను, బయల్దేరండి."

చింతపండు 'అసలే' వద్దని ఎందుకన్నారో అప్పుడు అర్థం కాలేదు. బండి మీద మావారు, మధ్యలో దుప్పట్లో చుట్టిన బంటి, వెనక నేను. అరగంటలో అమలాపురం చేరాం.

డాక్టరు గారు తూకం వేశారు, 14 కిలోలు. ఒక ఇంజక్షన్ చేశారు. పది నిమిషాల్లో బంటి కడుపు ఎగదోసుకుంటూ వాంతి చేసుకోవడం మొదలుపెట్టాడు. ఆయన చేతికి గ్లవ్స్ వేసుకుని, ఆ వాంతిని ట్రేలో పరిచి, ఫోర్సెప్స్‌తో ఒక్కో పండు పక్కకి జరిపి లెక్కపెట్టారు. కొన్ని చెక్కుచెదరలేదు, పాలవెల్లికి కట్టినప్పుడు ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి. కొన్నిటికి తొక్కలే మిగిలాయి. పద్నాలుగు తేలాయి. వాటితో పాటు పసుపు పట్టిన అన్నం మెతుకులు, ఒక ఎండుమిర్చి ముక్క.

"ఇదేంటమ్మా?"

"పులిహోరండి. మధ్యాహ్నం పెట్టాను."

ఆయన కుర్చీ లాక్కుని కూర్చుని చెప్పారు. ద్రాక్ష కుక్కల కిడ్నీలని దెబ్బ తీస్తుందని డాక్టర్లకి చాలా ఏళ్ళుగా తెలుసు గానీ, అందులో ఏ పదార్థం అన్నది తేలలేదు. 2021లో అమెరికాలో విషప్రభావాల మీద పనిచేసే పశువైద్యులు, అది టార్టారిక్ ఆమ్లం కావచ్చని రాశారు. ఆ ఆమ్లం నుంచే వచ్చే క్రీమ్ ఆఫ్ టార్టార్ అనే వంటపొడి కలిపి ఇంట్లో చేసిన ఆటబంక మట్టి తిన్న కుక్కలకీ ఇలాగే కిడ్నీలు దెబ్బతినడం చూసి వాళ్ళకి ఆ అనుమానం వచ్చింది. చింతపండు తిన్న కుక్కలకీ అదే జరిగింది. చింతపండు పులుపంతా ప్రధానంగా ఆ ఆమ్లానిదే. "ఇన్ని ద్రాక్షలైతే ఫరవాలేదు, ఇన్నైతే ప్రమాదం అని లెక్క చెప్పలేం అందుకే. రకాన్ని బట్టి, ముగ్గిన తీరుని బట్టి అందులో ఆమ్లం మారిపోతుంది. ఒక కుక్క గుత్తి తిని తిరుగుతుంది, ఇంకో కుక్క నాలుగు తిని పడిపోతుంది. ఎండుద్రాక్షయితే ఇంకా చిక్కన."

నాకు ఇంట్లో నీళ్ళు పోసి వదిలి వచ్చిన చింతపండు గిన్నె కళ్ళముందు కదిలింది. ఫోన్ ఇంకో ఐదు నిమిషాలు ఆలస్యంగా కలిసుంటే ఆ రసం నా చేత్తోనే వాడి గొంతులో పోసేదాన్ని. ఇంతకుముందు పులుసన్నం, చారన్నం ఎన్నిసార్లు పెట్టానో గుర్తు చేసుకుంటే ఆ కుర్చీలో కూర్చోలేకపోయాను. వాటిలో ఉల్లిపాయలూ ఉంటాయి, అవీ కుక్కల, పిల్లుల రక్తంలో ఎర్రకణాలని విరిచేస్తాయని ఆయనే చెప్పారు.

ఉప్పునీళ్ళ సంగతి కూడా అడిగాను. ఉప్పు ఎక్కువైతే రక్తంలో సోడియం పెరిగి ఫిట్స్ వస్తాయి, ద్రాక్షకంటే ముందు ఉప్పే చంపుతుందన్నారు. పైగా గొంతులో బలవంతంగా పోసింది ఊపిరితిత్తుల్లోకి పోతే ఇంకో ప్రమాదం.

ఆ రాత్రి నుంచి రెండు రోజులు సెలైన్. ముంగాలికి సూది గుచ్చి బ్యాండేజీ చుట్టారు. మొదటి రాత్రి క్లినిక్‌లోనే, వాడి పక్కన బల్ల మీద కూర్చున్నాను. రక్తం తీసి, కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే క్రియాటినిన్ చూశారు, 1.1 ఉంది, హద్దులోనే. "ఇది చూసి సంతోషించకండి. దెబ్బ తగిలితే ఒకటి నుంచి మూడు రోజుల్లో బయటపడుతుంది. రేపు, ఎల్లుండి కూడా చూడాలి. అంతకంటే ముందు మీరు చూడాల్సింది ఒకటుంది. మూత్రం పోస్తున్నాడా లేదా."

రెండో రాత్రి ఇంటికి తెచ్చుకున్నాం. మర్నాడు మళ్ళీ సెలైన్‌కి తీసుకెళ్ళాలి. తెల్లవారుజామున నాలుగింటికి బంటి లేచి తలుపు గీకాడు. టార్చి పట్టుకుని వెనకాలే వెళ్ళాను. రాత్రంతా ముసురు పట్టి పెరడంతా చిత్తడిగా ఉంది. వాడు నూతి చుట్టూ తిరిగాడు, గడ్డివాము వాసన చూశాడు, మళ్ళీ వెనక్కి వచ్చాడు. నా గుండె చప్పుడు నాకే వినిపిస్తోంది. చివరికి గట్టు పక్క కొబ్బరిచెట్టు మొదట్లో కాలెత్తాడు. చాలాసేపు పోశాడు. నేను ఆ చెట్టుకి చెయ్యి ఆనించుకుని ఏడ్చేశాను. మూడోరోజు క్రియాటినిన్ 1.3, హద్దులోనే ఉంది. వారం పోయాక ఇంకోసారి చూసి, ఇక చాలన్నారు.

ఆ మూడోరోజున డాక్టరు గారు నన్ను ఒక ప్రశ్న అడిగారు. "మీ పెరట్లో ఏమేం చెట్లున్నాయమ్మా?" కుక్కకి ఏం పెడతారని అడగలేదు. పెరట్లో ఏమున్నాయి అని.

చెప్పుకుంటూ పోయాను. కొబ్బరి, రెండు మామిళ్ళు, ఒకటి కొత్తపల్లి కొబ్బరి, ఒకటి చెరుకురసం. సపోటా, జామ, సీతాఫలం, పంపరపనస, బొప్పాయి, కర్పూర అరటి, కంచె పక్కన రేగు. తోటలో కొబ్బరి నీడన కోకో. ఆయన రాసుకుంటూ, "మన కోనసీమలో కుక్క పళ్ళు మనం పెడితే తినదు, రాలితే తింటుంది. మీరు చేత్తో పెట్టేది పది వంతుల్లో ఒక వంతు" అన్నారు. నాకు ఆ మాట నాటుకుంది. ఆ తరవాత ఏడాది నేను చేసిందంతా ఆ మాట పట్టుకుని చేసిందే.

మామిడి దగ్గర ఆయన ఆగారు. "టెంక ఇస్తారా?" ఇస్తాం. ఎవరివ్వరు? మేం చీకి పడేసిన టెంకని అరుగు కింద పడుకుని రెండు కాళ్ళ మధ్య పట్టుకుని గంటసేపు నాకుతుంటే చూడ్డం మాకు వేసవి సరదా. టెంక కుక్క గొంతులోనో, కడుపులోనో, పేగులోనో అడ్డం పడుతుందని, పేగులో ఇరుక్కుంటే ఆపరేషన్ తప్ప దారి లేదని, ఎక్స్‌రేలో కూడా ఒక్కోసారి సరిగా కనపడదని చెప్పారు. లక్షణాలు అడిగాను. తిన్నది తిన్నట్టు వాంతి, నీళ్ళు తాగినా వాంతి, దొడ్డికి రాకపోవడం, నడుం పైకి వంచి నిలబడటం, ముద్ద ముట్టకపోవడం.

అవన్నీ నేను చూశాను. బంటికి ముందు మాకు చుక్కి ఉండేది. మే నెలలో, మామిడిపళ్ళ రోజుల్లో, సరిగ్గా ఇలాగే నాలుగు రోజులుండి పోయింది. వడదెబ్బ అనుకున్నాం. మజ్జిగ పట్టాం, తడిగుడ్డ కప్పాం. ఎవరికీ చూపించలేదు. అది టెంక వల్లే పోయిందని ఇప్పుడు నిరూపించలేను గానీ, ఆ నడుం వంపు మాత్రం నా కళ్ళకి కట్టినట్టుంది. వేసవిలో మీ కుక్క అలా నిలబడితే దయచేసి వడదెబ్బ అనుకుని ఇంట్లో ఉంచుకోకండి.

ఇంటికొచ్చాక మొదట చేసింది మూత ఉన్న రెండు బకెట్లు కొనడం. ఒకటి వంటింట్లో, ఒకటి భోజనాల బల్ల పక్కన. టెంకలు, తొక్కలు, గింజలు అన్నీ అందులోకే. వాటిని తోట చివర పాదుల్లో లోతుగా పూడ్చేస్తాం. రెండోది, పొద్దున్నే వాకిలి ఊడ్చినట్టు చెట్ల కిందా ఊడవడం. రాలి పగిలి పులిసిన మామిడిపండులో సారా తయారవుతుంది, కుళ్ళిన దాంట్లో బూజు విషం ఉంటుంది. కుక్కకి రెండూ ప్రమాదమే. మామిడి తొక్క మీది సొన మన పెదాలకే మంట పుట్టిస్తుంది, వాడికి మాత్రం ఎందుకు పడుతుంది.

కొబ్బరి సంగతి మాకు కొంచెం కష్టమైంది. మా బతుకే కొబ్బరి. పచ్చికొబ్బరి చిన్న ముక్క ఎప్పుడైనా ఇస్తే ఫరవాలేదు, నూనె ఎక్కువ కాబట్టి ఎక్కువిస్తే విరేచనాలు, క్లోమం వాపు. అసలు భయం ఎండుకొబ్బరితో. వానాకాలంలో సరిగ్గా ఎండని కొబ్బరి కురిడీలకి బూజు పడుతుంది. ఆ బూజులో అఫ్లాటాక్సిన్ ఉంటే లివర్ పోతుంది, కుక్కలు దానికి మరీ సున్నితం. ఎండబోసిన చోట ఇప్పుడు చేపలవల కట్టాం. పీచు నమిలే అలవాటు కూడా మాన్పించాం, అదీ పేగులో చుట్టుకుంటుంది.

కోకో గురించి మా ఊళ్ళో ఎవరికీ తెలియదు, అందుకే గట్టిగా చెబుతున్నాను. చాక్లెట్ కుక్కకి పెట్టకూడదని చదువుకున్న పిల్లలందరికీ తెలుసు. ఆ చాక్లెట్ మన కొబ్బరితోటల్లోనే కాస్తోంది. కాయ పగలగొడితే గింజల చుట్టూ తెల్లటి తియ్యటి గుజ్జు ఉంటుంది, కుక్కలు ఆ తీపికి వస్తాయి. గింజలో థియోబ్రొమిన్ అనే పదార్థం ఉంటుంది, చాక్లెట్‌లో కుక్కకి విషం అదే. దాన్ని మనలా త్వరగా అరిగించుకునే శక్తి కుక్కకి లేదు. వాంతులు, నిలకడ లేకపోవడం, గుండె దడ, వణుకు, ఫిట్స్. బంటి బరువున్న కుక్కకి గుప్పెడు గింజలు చాలు మంచాన పడెయ్యడానికి. పులియబెట్టిన గింజలు టార్పాలిన్ మీద ఎండబోసిన వారం రోజులు మా బంటి గొలుసుతోనే ఉంటాడు. పక్క తోట వాళ్ళకి చెబితే, వాళ్ళ కుక్క కిందటేడు ఫిట్స్ వచ్చి పోయిందని, పాము కరిచిందనుకున్నామని అన్నారు.

ఇదంతా విని వాడికి పళ్ళే మానేశాం అనుకోకండి. వాడికి పళ్ళంటే ప్రాణం, మాకు వాడంటే. డాక్టరు గారే లెక్క కట్టి ఇచ్చారు. 14 కిలోల కుక్కకి రోజుకి సుమారు 800 క్యాలరీలు కావాలి. అందులో పదో వంతు, అంటే 80, దాటకుండా పళ్ళూ చిరుతిళ్ళూ కలిపి. చిన్న అరటిపండు ఒక్కటి తింటే ఆ లెక్క అయిపోతుంది. అందుకని సగం కర్పూర అరటిపండు, అదీ రోజూ కాదు. షుగరున్న కుక్కకీ, కిడ్నీ జబ్బున్న కుక్కకీ డాక్టరు చెబితే తప్ప అదీ వద్దు.

మామిడి ఇలా ఇస్తాను. కాయ ఉప్పునీళ్ళలో కడిగి, తొక్క మందంగా చెక్కి, టెంకకి రెండు వైపులా బుగ్గలు కోస్తాను. టెంక వెంటనే బకెట్లోకి, కాసేపు పళ్ళెంలో ఉంచితే మా అత్తయ్య చెయ్యి తెలియకుండానే కిందికి పోతుంది. బుగ్గని బొటనవేలి కణుపంత ముక్కలు కోసి, మూడు ముక్కలు వాడి స్టీలు పళ్ళెంలో వేస్తాను. రసం కాయకంటే కొత్తపల్లి కొబ్బరి ఇందుకు బాగుంటుంది, కండ గట్టిగా ఉండి ముక్క నిలుస్తుంది. ఏ పండైనా మొదటిసారి ఒక్క ముక్కే. మర్నాడు దొడ్డి చూస్తాను. గట్టిగా ఉంటేనే ఇంకోసారి.

సపోటా గింజ చూశారుగా, నున్నగా నల్లగా, కొసన చిన్న కొక్కెం. పండు రెండు చెక్కలు చేసి, గోటితో తీసి, గింజలు లెక్కపెట్టి పక్కన పెడతాను. జామ ముక్కలు, గింజలు తీసిన బొప్పాయి, ఎండల్లో పుచ్చకాయ, ఎర్రటి భాగం మాత్రమే, ఇవి వాడికి బాగా పడ్డాయి. సీతాఫలం మానేశాను. ఒక్కో తొనకీ ఒక్కో గింజ, ఒకటి తప్పినా వాడు కొరికేస్తాడు. మా అమ్మమ్మ పేలకి ఆ గింజల పొడి రాసేది, కంట్లో పడితే చూపు పోతుందని ముందు కళ్ళకి గుడ్డ కట్టేది. అలాంటి గింజ కడుపులోకి పోనివ్వాలని లేదు.

ఇక పిల్లి. మా బుజ్జమ్మకి అరటిపండు పెడితే వాసన చూసి, కాలితో మట్టి కప్పినట్టు చేసి వెళ్ళిపోయేది. మా అమ్మాయి కారణం చెప్పింది. పిల్లికి తీపి రుచే తెలియదు. తీపిని పట్టే రెండు జన్యువుల్లో ఒకటి పిల్లి జాతిలో చెడిపోయిందని 2005లో అమెరికాలో రుచి, వాసనల మీద పనిచేసే మోనెల్ కేంద్రం పరిశోధకులు తేల్చారు. అది మాంసం మీద బతికే జంతువు, దానికి పండు అవసరం లేదు. పెట్టకపోతే లోటేమీ లేదు. ద్రాక్ష మాత్రం దానికీ వద్దనే అన్నారు డాక్టరు గారు.

బుజ్జమ్మ విషయంలో మేం చేసిన పొరపాటు వేరే. గోమార్లు పట్టాయని నిమ్మచెక్క ఒళ్ళంతా రుద్దాం, పూలకుండీల్లో పడుకోకుండా పంపరపనస తొక్కలు పరిచాం. నిమ్మజాతి తొక్కల్లోని నూనెల్ని విరిచే శక్తి పిల్లి లివర్‌కి లేదు. ఒంటికి రాస్తే నాక్కుంటుంది కాబట్టి కడుపులోకీ పోతుంది. రాసిన పూట నోటి వెంట చొంగ కారుస్తూ మంచం కింద దూరింది. వాసన పడక అనుకున్నాం. ఇప్పుడు గోమార్లకి డాక్టరు ఇచ్చే మెడ మీద చుక్కల మందే. పిల్లిదని రాసి ఉందో లేదో చూసి మరీ వేస్తాను, కుక్క మందు కొన్ని పిల్లిని చంపుతాయి.

అన్నిటికంటే కష్టం మనుషులతో. వచ్చినవాళ్ళు ప్రేమగా పెడతారు, వద్దంటే చిన్నబుచ్చుకుంటారు. భోగి నాడు మా మరిదిగారి పాపకి భోగిపళ్ళు పోశాం. రేగుపళ్ళు, చిల్లర, పూలు చాపంతా దొర్లాయి. పేరంటాళ్ళు నవ్వుతున్నా సరే, బంటిని గదిలో పెట్టి, చాప దులిపి, గింజ గింజ ఏరాకే వదిలాను. చక్కెరపొంగలిలో కిస్‌మిస్ వేయడం మానేసి జీడిపప్పు ఒక్కటే వేస్తున్నాం. వీధి తలుపు మీద మా అమ్మాయి ఒక కాగితం అంటించింది. 'బంటికి ద్రాక్ష, కిస్‌మిస్, పులిహోర, టెంక పెట్టకండి. ఆకలేస్తే అమ్మని అడగండి.' దాని కింద డాక్టరు గారి నంబరు.

2025లో చవితి ఆగస్టు 27న వచ్చింది. పాలవెల్లి కట్టేటప్పుడు నేను ఏమీ అనకముందే అత్తయ్య ద్రాక్ష గుత్తి బుట్టలోంచి తీసి పక్కన పెట్టారు.

"ఇదెందుకమ్మా, మన పెరట్లో కాసింది కాదుగా. స్వామికి మన జామకాయలు చాలు."

సాయంత్రం ఉద్వాసన అయ్యాక పాలవెల్లిని అరుగు మీద పెట్టలేదు, నడవలో పెట్టి తలుపు వేశాం. పిల్లల్ని లోపలికే పిలిచి పంచాం. అత్తయ్య ఒక దోరజామకాయ తీసుకుని, మధ్యలో గింజల భాగం తొలిచేసి, నాలుగు చెక్కలు చేసి అరుగు మీద కూర్చున్నారు. "ఒరేయ్ బంటీ" అంటే వాడు కొబ్బరితోటలోంచి పరిగెత్తుకొచ్చాడు. ఒక్కో చెక్కా నమిలి మింగేదాకా ఆగి, రెండోది ఇచ్చారు.